జార్విస్ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, సంతకం పెట్టాలా?

మీరడిగింది ఇదీ. పోయినేడాది కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో కొత్త కమ్యూనిటీలో 15 లక్షల డాలర్లకు ఇల్లు కొన్నారు. ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి 18 వేలు దాటింది. రోడ్డుకి అవతల పాత కాలనీలో ఉండే పెద్దాయన 30 ఏళ్ల కిందట కొన్నాడు, ఆయన కట్టేది అందులో మూడోవంతు కూడా లేదు. ఇంతలో హోవార్డ్ జార్విస్ ట్యాక్స్‌పేయర్స్ అసోసియేషన్ అనే సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పన్నులకు కావలసిన మూడింట రెండొంతుల ఓటు నియమాన్ని కాలిఫోర్నియా శాసనసభ సడలించాలని చూస్తోంది, వ్యతిరేకించండి, ఈ కాగితం మీద సంతకం పెట్టండి, చందా పంపండి అని. "వీళ్లు మన పక్షమా, ఆ పెద్దాయన పక్షమా? సంతకం పెట్టాలా?" అన్నది మీ ప్రశ్న.

నేను ఇక్కడ ట్యాక్స్ రిటర్నులు చేస్తూ 22 ఏళ్లయింది. ఈ ఉత్తరం పట్టుకుని వచ్చేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. కొందరు దాన్ని ప్రభుత్వ నోటీసు అనుకుని టెన్షన్ పడి వస్తారు కూడా. అది నోటీసు కాదు, కట్టాల్సిందేమీ లేదు. ఇక పక్షం సంగతి. ఒక బిల్లుకి వాళ్లు మీ పక్షం, ఇంకో బిల్లుకి ఆయన పక్షం, మరో బిల్లుకి మీ ఇద్దరి పక్షమూ కాదు. అందుకే సంఘం పేరు చూసి కాకుండా, ఈసారి వాళ్లు అడ్డుకుంటున్నది ఏ రకం పన్నో చూసి తేల్చుకోవాలి. ఎలా చూడాలో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

సంఘం కథ 1978లో మొదలైంది. 70వ దశకంలో కాలిఫోర్నియాలో ఇళ్ల ధరలు పరుగులు తీశాయి, వాటి వెంటే పన్నూ పరుగెత్తింది. రాష్ట్రం మొత్తం మీద సగటు రేటు రెండున్నర శాతం పైనే ఉండేది. పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు, అప్పు తీరిపోయిన సొంత ఇంట్లో ఉంటూ కూడా పన్ను కట్టలేక ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుందని భయపడ్డారు. అదే సమయంలో రాష్ట్ర ఖజానాలో దాదాపు 500 కోట్ల డాలర్ల మిగులు మూలుగుతోంది. జనానికి ఒళ్లు మండింది. హోవార్డ్ జార్విస్, పాల్ గ్యాన్ కలిసి సంతకాలు సేకరించి, జనమే నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదనగా ప్రొపొజిషన్ 13 పెట్టారు. 1978 జూన్ 6న దాదాపు 65 శాతం ఓట్లతో అది గెలిచింది. గవర్నర్ జెర్రీ బ్రౌన్ ముందు వ్యతిరేకించి, గెలిచాక తనే దగ్గరుండి అమలు చేశాడు. ప్రాపర్టీ ట్యాక్స్ రాబడి ఒక్క దెబ్బకి సగానికి పైగా పడిపోయింది. జార్విస్ 1986లో పోయాడు గానీ సంఘం నిలబడింది, ప్రాప్ 13ని కాపాడటమే దాని పని.

ఒక సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. జార్విస్ అప్పట్లో లాస్ ఏంజిలెస్ అపార్ట్‌మెంట్ యజమానుల సంఘంలో పనిచేసేవాడు. ఇది గెలిస్తే యజమానులకు పన్ను తగ్గుతుంది కాబట్టి అద్దెలూ తగ్గుతాయని కిరాయిదార్లకు చెప్పారు. పన్ను తగ్గింది, అద్దెలు తగ్గలేదు. ఆ కోపమే ఆ తర్వాతి ఏడాదిలోగా లాస్ ఏంజిలెస్‌లో, శాంటా మోనికాలో అద్దె నియంత్రణ రావడానికి ఒక కారణమైంది.

ప్రాప్ 13లో మీకు పనికొచ్చే ముక్కలు ఇవి. మూల పన్ను 1 శాతం దాటకూడదు. ఇల్లు కొన్న ధరే అసెస్డ్ వాల్యూ, అంటే పన్ను లెక్కకి తీసుకునే విలువ, అది ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. ఇల్లు చేతులు మారినప్పుడో, కొత్తగా కట్టినప్పుడో మాత్రమే మళ్లీ లెక్కగడతారు. ఇవి కాక, ఏ పన్ను పెంచాలన్నా శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, స్థానికంగా ప్రత్యేక పన్ను, అంటే ఒక నిర్దిష్ట పనికే వాడే పన్ను, వేయాలంటే ఓటర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

ఆ పెద్దాయన 30 ఏళ్ల కిందట రెండున్నర లక్షలకు కొన్నాడనుకోండి. ప్రతి ఏడాదీ నిండుగా 2 శాతం పెరిగినా ఇవాళ ఆయన అసెస్డ్ వాల్యూ నాలుగున్నర లక్షల దగ్గర ఆగుతుంది. మూల పన్ను 4,500. మీది 15 లక్షలు, మూల పన్ను 15,000. ఇళ్లు రెండూ ఇంచుమించు ఒకటే, ముందున్న రోడ్డూ ఒకటే. ఇది అన్యాయం కాదా అని మీకంటే ముందే ఒకావిడ అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. లాస్ ఏంజిలెస్‌లో 1988లో 1,70,000 డాలర్లకు ఇల్లు కొని, పొరుగువాళ్ల కంటే దాదాపు ఐదు రెట్లు పన్ను కట్టాల్సి వచ్చిన మనిషి. నార్డ్‌లింగర్ వర్సెస్ హాన్ అన్న ఆ కేసులో 1992లో తీర్పు 8-1తో ప్రాప్ 13 వైపే వచ్చింది. కొనేముందే పన్ను ఎంతవుతుందో మీకు తెలుసు, పాత యజమానికి అలా తప్పుకునే దారి లేదు, కాబట్టి తేడా చూపించడం తప్పు కాదన్నారు. కాబట్టి కోర్టు దారి మూసుకుపోయినట్టే. మీరు చేయగలిగిందల్లా కదలకుండా కూర్చోవడం. పదేళ్లు గడిస్తే మీరూ కొత్తగా కొన్నవాళ్ల కళ్లకు ఆ పెద్దాయనలాగే కనిపిస్తారు.

ఇక రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో వీళ్లు బిల్లుల్ని ఎలా అడ్డుకుంటారో చూడండి, ఉత్తరం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. అసెంబ్లీలో 80 మంది, సెనేట్‌లో 40 మంది. మూడింట రెండొంతులంటే 54, 27. డెమొక్రాట్లకు కొన్నేళ్లుగా రెండు సభల్లోనూ అంతకంటే ఎక్కువే ఉన్నారు. అంటే కేవలం ఓట్ల లెక్క చూస్తే ఈ సంఘం గెలవకూడదు. పైకి కనిపించే పద్ధతి ఇదీ: బిల్లును విచారించే కమిటీకి సంఘంవాళ్లు వ్యతిరేక లేఖ ఇస్తారు, విశ్లేషణ పత్రం చివర సమర్థించేవాళ్లు, వ్యతిరేకించేవాళ్లు అని రెండు జాబితాలుంటాయి, అందులో పేరు పడుతుంది. విచారణ రోజు ముఖ్య సాక్షులకు రెండు మూడు నిమిషాలు ఇస్తారు, మిగతావాళ్లు వరుసలో నిలబడి పేరు, ఊరు, అనుకూలమా వ్యతిరేకమా అని చెప్పి పక్కకు తప్పుకోవాలి. నేనొకసారి సెలవు పెట్టి పొద్దున్నే బండి వేసుకుని వెళ్లి, ఆ ఒక్క వాక్యం చెప్పి ఇంటికొచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అసలు బలం ఆ గదిలో లేదు. స్వల్ప మెజారిటీతో గెలిచిన సభ్యుడి నియోజకవర్గంలో ఉంది. 2017లో ఎస్‌బీ 1 అనే బిల్లుతో రోడ్ల మరమ్మతు కోసం పెట్రోలు మీద గ్యాలన్‌కి 12 సెంట్లు పెంచారు. మూడింట రెండొంతులు సరిగ్గా సరిపోయాయి. అందులో ఓటేసిన కొత్త సెనేటర్ జాష్ న్యూమన్‌ని 2018 జూన్‌లో రీకాల్ ఎన్నిక పెట్టి దింపేశారు. 2020లో ఆయన మళ్లీ గెలిచాడు, అది వేరే సంగతి. పన్ను బిల్లు మీద చెయ్యెత్తేముందు ఇప్పటికీ చాలామందికి ఆ రీకాల్ గుర్తొస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, చాలామందికి తెలియదు. కాలిఫోర్నియాలో శాసనసభ చేసిన చట్టాన్ని జనం రెఫరెండం పెట్టి ఆపొచ్చు. కానీ పన్ను విధించే చట్టాలకు ఆ హక్కు వర్తించదని రాజ్యాంగంలోనే రాసి ఉంది. అందుకే పెట్రోలు పన్నుని రద్దు చేయాలనుకున్నవాళ్లు కొత్తగా ఒక ఇనిషియేటివ్, అంటే సంతకాలు సేకరించి జనం ఓటుకి పెట్టే ప్రతిపాదన, పెట్టాల్సి వచ్చింది. అదే 2018 నవంబర్‌లో వచ్చిన ప్రాప్ 6, ఓడిపోయింది. ఇలా రాజ్యాంగాన్ని మార్చే ఇనిషియేటివ్‌కి ఇప్పటి లెక్కలో 8,74,641 సంతకాలు కావాలి. డబ్బిచ్చి మనుషుల్ని పెడితే గానీ అన్ని సంతకాలు రావు. కాస్ట్‌కో బయట క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడేది వాళ్లే. మీ ఉత్తరంలో చందా అడగటం వెనక ఉన్న ఖర్చు ఇదే.

అందుకే బిల్లు శాసనసభ స్థాయిలో ఉన్నప్పుడే ఆపాలని సంఘం తాపత్రయపడుతుంది. ఎక్కువ గొడవ జరిగేది మామూలు బిల్లుల మీద కాదు, రాజ్యాంగ సవరణల మీద. వాటికి గవర్నర్ సంతకంతో పని లేదు. రెండు సభల్లో మూడింట రెండొంతులు వస్తే నేరుగా బ్యాలట్‌కి వెళ్తాయి, అక్కడ సగం కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని విషయానికి వద్దాం. స్థానిక బాండ్లకు, అంటే ఊళ్లూ స్కూళ్లూ చేసే అప్పులకు, మూడింట రెండొంతుల ఓటు అనే నియమం జార్విస్ కంటే పాతది, 1879 రాజ్యాంగం నుంచీ ఉంది. దానికి పడిన మొదటి పెద్ద కన్నం 2000లో ప్రాప్ 39. స్కూలు బాండ్లకు 55 శాతం చాలన్నారు. అప్పటి నుంచి స్కూలు బాండ్లు చాలా తేలిగ్గా నెగ్గుతున్నాయి. అదే సౌకర్యం చౌక ఇళ్లకు, రోడ్లు, నీటి పైపుల్లాంటి వాటికీ కావాలని 2023లో శాసనసభ ఏసీఏ 1 అనే సవరణ నెగ్గించింది. మొదట అందులో బాండ్లతో పాటు ప్రత్యేక పన్నులూ ఉన్నాయి. వ్యతిరేకత చూసి 2024లో దాన్ని కుదించి బాండ్లు మాత్రమే మిగిల్చారు. అది ప్రాప్ 5 పేరుతో 2024 నవంబర్‌లో బ్యాలట్‌కి వచ్చి ఓడిపోయింది, అవునన్నవాళ్లు 45 శాతం. ఈ సంఘానికి ఈ మధ్యకాలంలో దక్కిన పెద్ద గెలుపు అదే. అయినా ఈ 55 శాతం ఆలోచన ఒక్క ఓటమితో చచ్చిపోయే రకం కాదు.

ఇక్కడ మీరు జేబు లెక్క చూసుకోవాలి. బాండు అప్పు తీర్చడానికి వేసే పన్ను అసెస్డ్ వాల్యూని బట్టి ఉంటుంది, బ్యాలట్ మీద "ప్రతి లక్ష డాలర్లకు ఇంత" అని రాస్తారు. ప్రాప్ 39 కింద యూనిఫైడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ ఒక బాండుకి లక్షకు 60 డాలర్ల దాకా అంచనా వేయొచ్చు. ఆ గరిష్ఠమే పడిందనుకుంటే పెద్దాయన కట్టేది 270. మీరు కట్టేది 900. ఓటు మాత్రం ఇద్దరికీ ఒక్కొక్కటే. ఊళ్లో పాత యజమానులు ఎక్కువైతే, తమకు తక్కువ పడే పన్నుకి వాళ్లు ఓటేస్తారు, ఎక్కువ భాగం కొత్తగా కొన్నవాళ్లు కడతారు. కాబట్టి బాండ్లకు ఓటు శాతం తగ్గించే సవరణ మీద సంఘం అడ్డం తిరిగితే, ఆ ఒక్క విషయంలో వాళ్లు ఆ పెద్దాయన కంటే మీకే ఎక్కువ మేలు చేస్తున్నట్టు. వాళ్ల ఉత్తరాల్లో ఈ ముక్క ఎప్పుడూ కనిపించదు, ఎందుకంటే వాళ్లకు చందాలిచ్చేది పాత యజమానులే.

పార్సెల్ ట్యాక్స్ అయితే లెక్క తిరగబడుతుంది. అది సాధారణంగా ఇంటికి ఇంత అని వేసేది, విలువతో పని లేదు. స్కూలు కోసం ఇంటికి 200 అంటే మీకూ 200, ఆయనకీ 200. చాలా చోట్ల 65 దాటిన వాళ్లు అర్జీ పెట్టుకుంటే మినహాయింపు కూడా ఇస్తారు. మీకు చిన్నపిల్లలుండి, ఆ స్కూలు పేరు చూసే అక్కడ ఇల్లు కొని ఉంటే, మూడింట రెండొంతుల నియమం వల్ల 64 శాతం ఓట్లొచ్చిన పార్సెల్ ట్యాక్స్ ఓడిపోవడం మీకు నష్టమే. నా పిల్లలు చదువుకునే రోజుల్లో మా డిస్ట్రిక్ట్‌లో సరిగ్గా ఇలాగే జరిగింది. లైబ్రేరియన్‌ని తీసేశారు. ఆ ఏడు ఈ సంఘం ఉత్తరం చించి అవతల పారేశాను, దాచను.

ఇక మీ 18 వేలలో మూల పన్ను, ఓటర్లు ఒప్పుకున్న బాండ్లు పోగా మిగిలింది ఎంతో బిల్లు రెండో పేజీలో చూడండి. కొత్త కమ్యూనిటీ కాబట్టి మెల్లో-రూస్ అనే అదనపు పన్ను ఉండే ఉంటుంది. ప్రాప్ 13 తర్వాత కొత్త కాలనీలకు రోడ్లు, మురుగు పైపులు వేయడానికి ఊళ్ల దగ్గర డబ్బు లేక 1982లో తెచ్చిన చట్టం అది. దానికీ మూడింట రెండొంతుల ఓటు కావాలి. కాకపోతే ఆ ప్రాంతంలో 12 మంది కంటే తక్కువ ఓటర్లు ఉంటే, భూమి యజమానులే ఎకరాల లెక్కన ఓటేస్తారు. ఇళ్లు కట్టకముందు అక్కడ ఉన్నది ఎవరు? బిల్డర్. మీరు 20, 30 ఏళ్లు కట్టబోయే పన్నుకి ఆయన ఒక్కడే ఓటేసి నూటికి నూరు శాతంతో గెలిపించాడు. మూడింట రెండొంతులు అన్న కోటకి ఇదొక దొడ్డిదారి. నిజాయితీగా చెప్పాలంటే, కొత్తగా కొన్న మనవాళ్లలో ప్రాప్ 13ని తిట్టుకునేవాళ్లు చాలామంది నిజానికి తిట్టాల్సింది ఈ మెల్లో-రూస్‌ని.

సంఘం మీ పక్షం కాని సందర్భం కూడా చెప్పాలి. 2020లో ప్రాప్ 15 వచ్చింది. ఇళ్లని ముట్టుకోకుండా, 30 లక్షల డాలర్లు దాటిన వాణిజ్య ఆస్తులకు మాత్రం మార్కెట్ ధర మీద పన్ను వేద్దామన్నది. ఇవాళ దుకాణాలు, రేపు మీ ఇళ్లు అని సంఘం గట్టిగా ప్రచారం చేసింది. ప్రాప్ 15 దాదాపు 48-52తో ఓడిపోయింది. ఇల్లు అమ్మితే చేతులు మారినట్టే, దాగదు. కంపెనీ చేతిలో ఉన్న ఆస్తి అలా కాదు, ఒక్కరికి సగం పైగా వాటా రాకపోతే చేతులు మారనట్టే లెక్క. శాంటా మోనికాలో సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్‌ని 2006లో కొన్నవాళ్లు, భార్యాభర్తలు సహా ఎవరికీ 50 శాతం దాటకుండా వాటాలు పంచుకున్నారు. కౌంటీ ఒప్పుకోక విలువ మళ్లీ లెక్కగట్టినా, 2014లో అప్పీలు కోర్టు ఆ ఏర్పాటు చట్టబద్ధమే అంది. జార్విస్ అపార్ట్‌మెంట్ యజమానుల మనిషి అని పైన చెప్పింది ఇందుకే. పోస్టర్ మీద బామ్మగారి బొమ్మ ఉంటుంది, బామ్మగారి వెనక హోటల్ కూడా ఉంటుంది. నేనైతే ప్రాప్ 15కి అవుననే ఓటేశాను. మా ఆఫీసు భవనం యజమాని ఇది చదివితే ఏమంటాడో గానీ.

పిల్లలకు ఇల్లు వదిలి వెళ్లడం గురించి ఆలోచించేవాళ్లయితే ప్రాప్ 19 చూడండి. అదీ శాసనసభ బ్యాలట్‌కి పంపిందే, 2020లో 51 శాతంతో నెగ్గింది. అంతకుముందు అమ్మానాన్నల ఆస్తి పిల్లలకు వస్తే పాత అసెస్డ్ వాల్యూ దాదాపు అలాగే వచ్చేది. 2021 ఫిబ్రవరి 16 నుంచి, అమ్మానాన్నలు కాపురమున్న ఇంట్లోకి పిల్లలు ఏడాదిలోగా వచ్చి కాపురముంటేనే ఆ లాభం, అదీ ఒక పరిమితి దాకా. అద్దెకిచ్చిన ఇళ్లకు అసలే లేదు. మనవాళ్లలో రెండో ఇల్లు, మూడో ఇల్లు కొని అద్దెకిచ్చేవాళ్లు చాలామంది, ఈ సంగతి తెలిసినవాళ్లు కొద్దిమంది. సంఘం దీన్ని మరణ పన్ను అంటుంది, రద్దు చేయించడానికి సంతకాలు సేకరించి చాలక ఆగిపోయింది. ఆ మాట కొంచెం అతి. కొత్త పన్నేమీ కాదు, పాత రాయితీ పోయింది. 55 దాటినవాళ్లు ఇల్లు మారితే పాత అసెస్డ్ వాల్యూని రాష్ట్రంలో ఎక్కడికైనా మూడుసార్లు వెంట తీసుకెళ్లే వీలు కూడా అదే చట్టం ఇచ్చింది. ఆ మేలు గురించి వాళ్ల కరపత్రంలో వెతకొద్దు.

సంఘం ఇప్పుడు ఇంత గట్టిగా ఉత్తరాలు పంపడానికి ఇంకో కారణం ఉంది, వాళ్లకు కోర్టుల్లో తగిలిన దెబ్బలు. 2017లో అప్‌లాండ్ కేసులో రాష్ట్ర సుప్రీం కోర్టు, పౌరులే సంతకాలతో పెట్టిన పన్ను ప్రతిపాదనకి ప్రభుత్వం పెట్టిన పన్నుకుండే నియమాలన్నీ వర్తించవంది. దాన్ని ఆధారం చేసుకుని కింది కోర్టులు, పౌరులు పెట్టిన ప్రత్యేక పన్నుకి మామూలు మెజారిటీ చాలన్నాయి. దీన్ని పూడ్చడానికి సంఘం, వ్యాపార సంస్థలు కలిసి పెద్ద ఇనిషియేటివ్ తెచ్చాయి. గవర్నర్, శాసనసభ కోర్టుకెళ్లారు. 2024 జూన్‌లో సుప్రీం కోర్టు దాన్ని ఏకగ్రీవంగా బ్యాలట్ నుంచే తీసేసింది, అది సవరణ కాదు, రాజ్యాంగాన్నే తిరగరాయడం అని.

దానికి తోడు శాసనసభ 2023లోనే ఏసీఏ 13 అనే రాజ్యాంగ సవరణ నెగ్గించి పెట్టుకుంది, దాన్ని తర్వాత 2026 నవంబర్ బ్యాలట్‌కి జరిపారు. ఇకమీదట ఓటు శాతాన్ని పెంచాలనుకునే ఇనిషియేటివ్ ఏదైనా, తను అడిగే ఆ శాతంతోనే తనూ గెలవాలంటుంది అది. మూడింట రెండొంతులు కావాలనేవాడు ముందు తను మూడింట రెండొంతులు తెచ్చుకోవాలి. వినడానికి న్యాయంగానే ఉంది. సంఘానికి ఎందుకు మండుతుందో కూడా తెలుస్తూనే ఉంది. 1978లో అంత ఊపుతో గెలిచిన ప్రాప్ 13కే వచ్చింది 64.8 శాతం. ఈ నియమం అప్పుడుంటే ప్రాప్ 13 ఓడిపోయేది. స్థానిక పన్నులకు ఓటర్ల ఆమోదం కావాలంటూ 1996లో సంఘం రాసి నెగ్గించుకున్న ప్రాప్ 218కి వచ్చింది 57 శాతం లోపే. నన్నడిగితే ఈ సవరణ మంచిదా చెడ్డదా అని నాకింకా రెండు మనసులుగానే ఉంది.

ఇప్పుడు సంతకం. కవరులో ఉన్న కాగితం ఏదో ముందు చూడండి. శాసనసభ్యులకు వినతిపత్రం అయితే ఎవరైనా పెట్టొచ్చు, వీసా మీద ఉన్నవాళ్లు కూడా. బ్యాలట్‌కి ఇనిషియేటివ్ సంతకాల ఫారం అయితే ఓటరుగా నమోదైనవాళ్లే పెట్టాలి. మీరు హెచ్1బీ, మీ శ్రీమతి గ్రీన్ కార్డు అన్నారు కాబట్టి ఇద్దరూ పెట్టకండి, క్లిప్‌బోర్డు పట్టుకున్నవాడు పర్లేదన్నా సరే. మీకు ఓటుండదు, పన్ను మాత్రం పాతవాళ్లకంటే ఎక్కువ కడతారు, అది నిజమే. కానీ మీ అసెంబ్లీ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి ఏ బిల్లుకి ఎందుకు వ్యతిరేకమో చెప్పడానికి పౌరసత్వం అక్కర్లేదు. లక్షకు 60 అంటే మీకు ఎంత పడుతుందో, పక్కవాళ్లకు ఎంత పడుతుందో ఆ రెండు అంకెలు చెప్పండి. అచ్చేసిన పోస్టుకార్డు కంటే వాళ్లు దాన్ని రాసుకుంటారు.

చందా ఇస్తే అసోసియేషన్‌కి ఇచ్చింది రిటర్నులో తగ్గించుకోవడానికి పనికిరాదు. వాళ్లదే వేరే ఫౌండేషన్ ఒకటుంది, కేసులు నడిపేది, దానికిస్తే పనికొస్తుంది. ఇవ్వమని నేను చెప్పడం లేదు.

ఇంతకీ హోమ్ఓనర్స్ ఎగ్జెంప్షన్ ఫారం వేశారా? అసెస్డ్ వాల్యూలో 7,000 తగ్గిస్తారు, ఏడాదికి 70 డాలర్లు మిగులుతుంది. ఒక్కసారి వేస్తే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ సరిపోతుంది, ఫిబ్రవరి 15 లోపు పంపితే పూర్తిగా ఇస్తారు. కౌంటీ అసెస్సర్ నుంచి వచ్చిన కవరు మీరు ఈ సంఘం ఉత్తరాల గుట్టలోనే పడేసి ఉంటారు, ఒకసారి వెతకండి.